నర్సమ్మకు పూచీ ఎవరు?

శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు "మన ప్రాంతములో వైద్యసేవ" అను అంశము మా వంతుకు వచ్చినది. ఏ ఆసుపత్రికి ఎవరు పునాదిరాయి వేశారు, ఏ దొరసానిగారు ఎన్ని ఏండ్లు సేవచేశారు, ఏ వార్డు ఎవరి చందాతో కట్టబడినది అను సంగతులు ఇదివరకటి సావనీర్లలో కావలసినన్ని ఉన్నవి. వాటినే తిరిగి వ్రాసి పాఠకుల కాలము వ్యర్థపరచుట మాకు ఇష్టము లేదు. అందుచేత ఆ పుస్తకములలో మాకు ఎక్కడను కనబడని ఒక సంగతిని ఎత్తుకొంటున్నాము. నర్సు చేతిలో పొరపాటు జరిగి రోగికి నష్టము కలిగితే దానికి పూచీ ఎవరు? నిన్న ఎవరు పూచీపడ్డారు, నేడు ఎవరు పడుతున్నారు?

ఇది లాయర్లకు సంబంధించిన విషయము గదా, పాస్టరుగారికెందుకు అని కొందరు అనుకొనవచ్చును. మా కలిదిండి పాస్టరేటులో నర్సు లేని వీధి లేదనవచ్చును. మగపిల్లవాడు చేపల చెరువు మీదికి, ఆడపిల్ల నర్సింగు ట్రైనింగుకు అన్నట్లుగా ఒక తరము గడిచినది. పిల్లను ట్రైనింగుకు పంపునప్పుడు ప్రార్థనచేసి పంపేది మేమే. ఆ తరువాత ఏమి జరుగునో తెలిసికొనుట కూడ మా పనే.

కలిదిండి అనగానే చరిత్ర చదివినవారికి తామ్రశాసనము జ్ఞాపకము వచ్చును. 11వ శతాబ్దములో రాజరాజ నరేంద్రుడు, తన పక్షమున ఇక్కడ పోరాడి మరణించిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకార్థము మూడు శివాలయములకు దానము చేసిన శాసనమది. అనగా పనిలో ప్రాణము పోగొట్టుకొన్న సేవకుని యజమాని మరచిపోలేదు. పని చేయుచు, చేయి జారి, పరుల ప్రాణము మీదికి తెచ్చిన సేవకుని మాట మాత్రము అందులో లేదు. ఉండదు కూడ. మేము వ్రాయబోవుచున్నది ఈ రెండవవాని గూర్చియే. ఈ ఇద్దరి మధ్య భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

మిషను ఆసుపత్రుల కాలములో కొల్లేటి లంకల నుండి రోగిని పడవలో ఒడ్డుకు చేర్చి, అక్కడి నుండి బండిమీద తీసికొనివెళ్లేవారు. ఆకివీడులో కెనేడియన్ బాప్టిస్టు మిషనువారి స్టార్ ఆఫ్ హోప్ ఆసుపత్రి, భీమవరములో లూథరన్ ఆసుపత్రి, నరసాపురములో బ్రదరెన్ మిషనువారి ఆసుపత్రి, ఇటు ఉయ్యూరులో మరొక బాప్టిస్టు ఆసుపత్రి, ఇవే ఈ ప్రాంతమునకు దిక్కు. దూరముగా గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరుగారు 1898లో తెరచిన ఆసుపత్రి అందరికిని పెద్దక్క వంటిది. ఈ ఆసుపత్రులలో డాక్టరమ్మ ఒక్కరే. తక్కిన పని అంతయు నర్సుల చేతులమీదుగా జరిగేది. వారిలో అనేకులు మన సంఘముల విధవరాండ్రు, అనాథ బాలికలు, ఉపదేశకుల కుమార్తెలు.

1926 ఈ చరిత్రలో గుర్తుంచుకొనదగిన సంవత్సరము. ఆ యేడే మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. నర్సు పేరు ఒక రిజిస్టరులో ఎక్కుట అప్పటి నుండి మొదలు. 1905లో మిషనరీ వైద్యుల సంఘముగా పుట్టిన సంస్థ క్రిస్టియన్ మెడికల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అను పేరు పెట్టుకొన్నది కూడ 1926లోనే. నర్సు అనగా డాక్టరమ్మ వెనుక గిన్నె పట్టుకొని నిలుచునే మనిషి కాదు, ఆమెది ఒక వృత్తి అని చట్టము ఒప్పుకొన్నది. అయితే వృత్తి అని ఒప్పుకొన్న మరుక్షణమే, ఆ వృత్తిలో తప్పు జరిగితే ఆమెనే అడుగుదుము అన్న మాట కూడ ఆ వెనుకనే వచ్చును. ఈ రెండవ సగము చాలాకాలము ఎవరికిని తోచలేదు.

తోచకపోవుటకు కారణములు ఉన్నవి. ఊరక వైద్యము చేసినవారి మీద దావా వేయుట కృతఘ్నత అని జనులు తలచేవారు. తప్పు జరిగితే మేట్రన్ దొరసానిగారు మందలించేవారు, రోగి బంధువులకు నచ్చజెప్పేవారు. అంతటితో సరి. ఆనాటి న్యాయము కూడ ఆసుపత్రుల పక్షముననే ఉండెను. మన కోర్టులు చూచునది ఇంగ్లాండు తీర్పులవైపే గదా. 1909లో లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి కేసులో, ఆపరేషను బల్లమీద మత్తులో ఉండగా ఒక రోగి చేయి కాలినది. ఆపరేషను గదిలో నర్సులు సర్జను ఆజ్ఞలో ఉందురు గనుక వారి తప్పునకు ఆసుపత్రి యాజమాన్యము బాధ్యత వహించదని కోర్టు తేల్చినది. యాజమాన్యమువారు మంచి మనుషులను ఏర్పరచుకొంటే చాలు, వారు చేయు పనికి జవాబుదారులు కారు. ఇది వినుటకు బాగుగానే ఉన్నది గాని, దీని అర్థమేమి? సంస్థ తప్పించుకొన్నది, నర్సు మిగిలినది. 1942లో ఎసెక్సు కౌంటీ కేసు, 1951లో కాసిడీ కేసు వచ్చి ఈ సిద్ధాంతమును తలక్రిందులు చేసినవి. జీతమిచ్చి పనిచేయించుకొను ఆసుపత్రి, తన నర్సు తప్పునకు తానే జవాబు చెప్పవలెను అని స్థిరపడినది.

మన దేశములో ఈ సంగతి సామాన్యుల గడప దాకా వచ్చుటకు మరి నలుబది యేండ్లు పట్టినది. ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో 1963లో ఒక బాలింతకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, కడుపులో గుడ్డ మరచిపోయారు. ఆమె మరణించినది. ప్రభుత్వమే బాధ్యత వహించవలెనని సుప్రీంకోర్టు చివరిమాట చెప్పునప్పటికి 1996 వచ్చినది. ముప్పది మూడేండ్లు! ఆపరేషను ముందును వెనుకను గుడ్డలు లెక్కపెట్టుట ఎవరి పని అని మా సంఘములోని ఒక రిటైర్డు సిస్టరుగారిని అడిగితే, ఆమె నవ్వక, "మాదే" అన్నారు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. డాక్టరు వైద్యము కిరాణా కొట్టులో సరుకు వంటిదా అని పెద్ద వాదము నడిచినది. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషనుకు, వి.పి. శాంతకు మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు దీనిని తేల్చినది. ఈ తీర్పును మన ఆసుపత్రుల కమిటీలవారు ఎందరు చదివారో మాకు అనుమానమే. అందరికిని ఉచితముగా వైద్యము చేయు సంస్థ ఈ చట్టము క్రిందికి రాదు. అందరి వద్దను రుసుము తీసికొను సంస్థ వచ్చును. ఇక కలిగినవారి వద్ద తీసికొని, లేనివారికి ఉచితముగా చేయు సంస్థ సంగతి ఏమి? అదియు చట్టము క్రిందికి వచ్చును. అంతే కాదు, ఆ సంస్థలో ఉచితముగా వైద్యము పొందిన బీదవాడు కూడ వినియోగదారుడే.

పాఠకులు ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించవలెను. మిషను ఆసుపత్రి అనగానే మనము గర్వముగా చెప్పుకొనునది ఏమిటి? ఉన్నవారి వద్ద పుచ్చుకొని లేనివారికి చేయుట. సరిగా ఆ పద్ధతినే కోర్టువారు పట్టుకొన్నారు. ధర్మము చేశాము గనుక మమ్మును అడుగకూడదు అన్న పాతకాలపు గొడుగు ఆ దినముతో మడతపడినది. దీనిని అన్యాయమని మేము అనము. బీదవాని చేతికి తప్పుడు ఇంజక్షను ఇచ్చి, ఊరకే ఇచ్చితిమి గదా అనుట ఏ ధర్మము? తీర్పు సరియైనదే. దానికి తగినట్లు మన సంస్థలు సిద్ధపడకపోవుటయే తప్పు.

మూడేండ్లకు, 1998లో, స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు వచ్చినది. టైఫాయిడుతో చేరిన ఒక పసివానికి, తగిన అర్హత లేని నర్సు ఒక ఇంజక్షనుకు బదులు మరొకటి ఇచ్చినది. పిల్లవాని మెదడు శాశ్వతముగా దెబ్బతిన్నది. పిల్లవానికి పన్నెండున్నర లక్షలు, తలిదండ్రులకు వేరుగా ఐదు లక్షలు చెల్లించవలెనని తీర్పు. అర్హత లేని మనిషిని ఆ పనిలో పెట్టినందుకు ఆసుపత్రినే పట్టుకొన్నారు. 2004లో మరొక కేసులో, రోగి తరపువారు ఏ నర్సు, ఏ డాక్టరు అని పేరుపేరునా చూపనవసరము లేదు, ఆసుపత్రిని అడిగితే చాలును అని సుప్రీంకోర్టు చెప్పినది. 2013లో కలకత్తాకు సంబంధించిన ఒక కేసులో పరిహారము ఆరు కోట్లకు దరిదాపుగా వెళ్లినది. చిన్న ఆసుపత్రి ఏదైనను అట్టి తీర్పు క్రింద నిలువగలదా?

ఇంతవరకు పుస్తకముల సంగతి. ఇక మేము కండ్లారా చూచినది చెప్పుదుము.

2012 వర్షాకాలములో మా సంఘ సభ్యురాలైన ఒక అమ్మాయి, జి.ఎన్.ఎం. చదివినది, దగ్గరి పట్టణములో ఒక ప్రైవేటు నర్సింగు హోములో పనిచేయుచుండెను. రాత్రి డ్యూటీలో ఇరువది మంచములకు ఆమె ఒక్కతే. డాక్టరు ఫోనులో మందు చెప్పారు. ఆమె వినినది ఒకటి, ఆయన చెప్పితిననునది మరొకటి. రోగి చెరువుల మీద పనిచేయు మనిషి. ఇంజక్షను పడిన కొద్దిసేపటికే ఒళ్లు వాచి, ఊపిరి ఆడక, విజయవాడ తీసికొనివెళ్లవలసి వచ్చినది. బ్రదికినాడు. అయితే ఖర్చు చాలా అయినది. మరునాడు ఉదయము బంధువులు వచ్చి అద్దములు పగులగొట్టారు. సాయంత్రము పెద్దమనుషులు కూర్చున్నారు. మూడు లక్షలకు ఒప్పందము. రెండు యజమాని, ఒకటి నర్సు తండ్రి.

ఆ పంచాయితీకి మమ్మును పిలిచారు. అమ్మాయి తండ్రి మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, మీరు ఒక్క సంతకం పెడితే గొడవ సద్దుమణుగుద్ది. పిల్ల పేరు బయటికి రాకుండా చూడండి" అన్నాడు. సమాధానపరచుట పాస్టరు పని గదా అనుకొని స్టాంపు కాగితము మీద సాక్షి సంతకము మేమే చేశాము. ఆ మనిషి అర ఎకరము తాకట్టు పెట్టాడు. అమ్మాయి సర్టిఫికెట్లు యజమాని వద్ద మరి నాలుగు నెలలు ఉండిపోయినవి.

తరువాత మాకు తెలిసిన సంగతులు మా నిద్ర చెడగొట్టినవి. ఆ డాక్టరుగారికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఉన్నదట. ఆసుపత్రి పేరు బయటపడునని కంపెనీకి కబురే చేయలేదు. పైగా అట్టి పాలసీలలో సాధారణముగా ఒక షరతు ఉండును. కంపెనీ సమ్మతి లేకుండ తప్పు ఒప్పుకొనుట గాని, సొమ్ము ఇత్తుమని మాట ఇచ్చుట గాని చేయరాదు. అనగా మేము సంతకము చేసిన ఆ కాగితమే, రాగల సొమ్మునకు తలుపు మూసినది. ఇక ఆ అమ్మాయి తండ్రి లక్ష రూపాయలు ఇవ్వవలసిన పనియే లేదు. జీతమిచ్చినవాడే జవాబుదారుడు అని 2004లోనే పెద్ద కోర్టు చెప్పియున్నది. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పారు, హెబ్రీ నేర్పారు. ఒనేసిము బాకీ ఏదైన ఉంటే తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక మీద మేము పరీక్ష కూడ వ్రాశాము. ఆ పంచాయితీలో కూర్చున్నప్పుడు మాత్రము అది మాకు జ్ఞాపకము రాలేదు.

ఇంతకును ఈ పాలసీ అనగా ఏమి? వృత్తి చేయుచు అజాగ్రత్తవలన గాని, పొరపాటువలన గాని, మరచిపోవుటవలన గాని ఇతరులకు నష్టము కలిగితే, చట్టప్రకారము వారికి ఇవ్వవలసిన పరిహారమును, కోర్టు ఖర్చులను కంపెనీ భరించును. 1973 జనవరి 1న జనరల్ ఇన్సూరెన్సు జాతీయమైన తరువాత నాలుగు ప్రభుత్వ కంపెనీలు ఉండెడివి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు కూడ ఈ పాలసీలు ఇచ్చుచున్నవి. డాక్టరుకు వేరు, ఆసుపత్రికి వేరు. ఆసుపత్రి పాలసీలో అర్హతగల సిబ్బంది చేయు పనికి కూడ రక్షణ ఉండును. "అర్హతగల" అన్న మాటను క్రింద గీత గీసి చదువవలెను. ట్రైనింగు సగములో మానినవారిని, సర్టిఫికెట్టు లేనివారిని తెల్లచీర కట్టించి నిలబెట్టిన చోట కంపెనీ ఆ మాటమీదనే మొండికేయును. మత్తులో చేసిన పనికి, నేరమునకు రక్షణ లేదు. ఒక్కొక్క సంఘటనకు ఇంత, సంవత్సరము మొత్తమునకు ఇంత అని రెండు హద్దులు ఉండును.

అన్నింటికంటె ఎక్కువమంది పడిపోవు గుంట మరొకటి ఉన్నది. పొరపాటు జరిగిన దినమున పాలసీ ఉంటే చాలదు, దావా వచ్చిన దినమున కూడ అది ప్రాణముతో ఉండవలెను. వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుటకు రెండేండ్ల గడువున్నది. ఈ యేడు పాలసీ మానివేసి, నిరుటి పనికి వచ్చే యేడు నోటీసు వస్తే, కట్టిన ప్రీమియము అంతయు కొల్లేటిలో పోసిన పన్నీరే.

2020లో కరోనా దినములలో కేంద్ర ప్రభుత్వము ఆరోగ్య కార్యకర్తలకు 50 లక్షల బీమా ప్రకటించినది. ఆశా కార్యకర్త మొదలుకొని డాక్టరు వరకు అందరికిని వర్తించినది. మంచి పనియే. ఆ యేడే డిసెంబరులో ఏలూరు పట్టణములో వందలమంది ఫిట్సు వచ్చి పడిపోయినప్పుడు, రోగమేమిటో తెలియకయే అక్కడి ప్రభుత్వాసుపత్రి నర్సులు రాత్రింబవళ్లు చాకిరీ చేశారు. ఆ 50 లక్షల బీమా సేవలో తానే మరణించినవారి కుటుంబమునకు ఇచ్చునది, కలిదిండి శాసనములోని సేనానులకు చేసినట్టిది. చేయి జారినవారికి అది పనికిరాదు. మా సంఘములో ఇద్దరు ఏ.ఎన్.ఎం.లు ఈ రెండును ఒకటే అనుకొని నిశ్చింతగా ఉన్నారని తెలిసి ఈ మాట ఇంత వివరముగా వ్రాయుచున్నాము.

ప్రభుత్వము చేయిజారినవారి తరపున నిజముగా పూచీపడినది ఒక్క చోట మాకు కనబడుచున్నది. కుటుంబ నియంత్రణ ఆపరేషను క్యాంపుల పరిస్థితి మీద సుప్రీంకోర్టు 2005లో గట్టిగా ఆజ్ఞలిచ్చిన పిమ్మట, ఆ నవంబరులో బీమా పథకము మొదలైనది. 2013 ఏప్రిల్ నుండి అది ఇండెమ్నిటీ పథకమైనది. ఆపరేషను వలన ఆసుపత్రిలో గాని, డిశ్చార్జి అయిన ఏడు దినములలో గాని మరణమైతే రెండు లక్షలు, ఆపరేషను విఫలమైతే ముప్పది వేలు అని మొదట నిర్ణయించారు. వీటితోబాటు డాక్టరు మీద గాని ఆసుపత్రి మీద గాని వచ్చు దావాకు ఒక్కొక్కదానికి రెండు లక్షల వరకు రక్షణ పెట్టారు. సొమ్ము కొంచెమే. కాని తప్పు జరుగవచ్చును, జరిగితే బాధపడినవారికి ఇది, పనిచేసినవారికి ఇది, అని ముందే లెక్క వ్రాసి పెట్టుటలో ఒక నిజాయితీ ఉన్నది. క్యాంపుకు ఆడవారిని తోడుకొనివెళ్లు ఆశమ్మ కూడ ఆ లెక్క తెలిసికొనియుంటే మంచిది.

బీమా చేరలేని చోటు జైలు. లూధియానాలోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో 1995లో ఒక రోగికి ఊపిరి ఆడనప్పుడు తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉన్నదన్న ఆరోపణ మీద జాకబ్ మాథ్యూ కేసు నడిచినది. వైద్యులను నేరస్థులుగా పట్టుటకు సామాన్యమైన అజాగ్రత్త చాలదు, ఘోరమైన అజాగ్రత్త ఉండవలెనని 2005లో సుప్రీంకోర్టు చెప్పినది. అప్పటి శిక్షాస్మృతిలో అజాగ్రత్తవలన మరణము కలిగించినవారికి, డాక్టరైనను నర్సైనను, రెండేండ్ల వరకే శిక్ష. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దీనిని ఐదేండ్లకు పెంచినది. రిజిస్టర్డు మెడికల్ ప్రాక్టీషనరుకు మాత్రము రెండేండ్లే. ఆ మాటకు అర్థము కూడ అక్కడే వ్రాశారు, డాక్టర్ల రిజిస్టరులో పేరున్నవారు అని. నర్సు పేరు వేరే రిజిస్టరులో ఉన్నది. కనుక ఒకే గదిలో, ఒకే రోగి వద్ద, ఒకే రాత్రి జరిగిన తప్పునకు డాక్టరుకు రెండు, నర్సుకు ఐదు. 1926లో రిజిస్టరు వచ్చినదని సంతోషించిన మన పెద్దలు ఈ సెక్షను చదివితే ఏమనియుందురో!

2012 నాటి ఆ అమ్మాయి తరువాత పరీక్షలు వ్రాసి ఇంగ్లాండు వెళ్లినది. అక్కడ 2014 జూలై నుండి, ఇండెమ్నిటీ ఏర్పాటు లేనిదే నర్సు రిజిస్ట్రేషను ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేయువారికి ఆ ఏర్పాటు యజమాని ద్వారానే ఉండును. 1916లో పుట్టిన రాయల్ కాలేజీ ఆఫ్ నర్సింగు కూడ సభ్యులకు అండగా నిలుచును. ఫారములో ఆ ప్రశ్న చూచి, "అయ్యగారూ, ఇక్కడ ముందే అడుగుతున్నారండీ, నీకు పూచీ ఎవరని" అని ఫోనులో చెప్పినది. మన దేశములో నర్సుకు ఇట్టి నిర్బంధము లేదు. తండ్రి పొలము 2019లో విడిపించుకొన్నాడు, ఆ సొమ్ము కూడ ఆమె పంపినదే.

నిరుడు వైద్య కమిటీలో మమ్మును వేసినప్పుడు, మన క్లినిక్కు పాలసీ కాగితము చూపమని అడిగాము. వెదకగా బీరువా అడుగున దొరికినది. వెనుక జతచేసిన పట్టికలో ఇద్దరు డాక్టర్ల పేర్లు టైపు చేసియున్నవి. సిబ్బంది అన్నచోట గీత ఒక్కటే. రెన్యూవలు నాటికి నర్సుల పేర్లు, రిజిస్ట్రేషను నెంబర్లు ఇస్తే చేర్చవచ్చునని ఏజెంటు చెప్పాడు. సిస్టర్లు తమ సర్టిఫికెట్లు పట్టుకొని మా యింటికే వచ్చారు, ఒకరిది లామినేషను, ఒకరిది చెదలు తిన్నది. పన్నెండు మందిలో పదకొండు పేర్లు ఎక్కినవి. పన్నెండవ ఆమె రిజిస్ట్రేషను రెన్యూవలు కాలేదు. దాని నిమిత్తము వచ్చే మంగళవారము ఆమెను వెంటబెట్టుకొని మేము విజయవాడ వెళ్లుచున్నాము.